నోరు నొక్కిన డబ్బా

పదకొండూ ఐదు. పన్నెండు కొట్టేలోపు ఆ బొమ్మలు పట్టణం చేరాలి.

ఐవిన్ సముద్రపొడ్డున తన పడవల షెడ్డులో కూర్చుని ల్యాప్‌టాప్ తెర వంక గుర్రుగా చూస్తున్నాడు. బయట గాలి పైకప్పు పలకల్ని పీకేసేలా ఉంది.

మూడు రక్షణ పడవలు కట్టడానికి నమూనా బొమ్మలు గీసే పని. టెండరు దక్కితే ఏడాదిపాటు ఈ దీవిలోనే కూర్చుని సంపాదించుకోవచ్చు. దక్కకపోతే జనవరి నుంచి నడిసముద్రంలో చమురు బావి మీద కొలువు. మారిట్‌కి మూడు వారాల్లో పురుడు. కన్నబిడ్డ బోసినవ్వుల్ని ఫొటోల్లో చూసుకునే బతుకు తనకొద్దు.

మారిట్ ఎనిమిదింటి ఫెర్రీ పడవకి వెళ్లింది. ఆసుపత్రి ఉన్నది అవతలి ఒడ్డున. పురుడయ్యేదాకా అక్క ఇంట్లో ఉంటుంది.

“రేవు ఇక్కడికి రెండు వందల అడుగులు. నేను నడవగలను. నువ్వు నీ బొమ్మలు చూసుకో,” అంది పొద్దున. అతను ఏడింటికే షెడ్డులోకి దిగిపోయాడు.

షెడ్డుకి వేరే ఫోను లేదు. పైన ఇంట్లో ఉన్న ఫోను లైను నుంచే ఓ తీగ కిందికి లాగి, ఫైళ్లు పంపే మోడెం డబ్బాకి తగిలించాడు.

ATX3 అని కొట్టాడు. దీవిలో మోడెం ఉన్న నలుగురూ ముందు కొట్టేది అదే. అమెరికా సరుకు కదా, ఇక్కడి ఫోను ఎత్తగానే వచ్చే కూత దానికి అర్థం కాదు. లైనే లేదని మొరాయిస్తుంది. అందుకని, ‘నువ్వేం వినక్కర్లేదు, నంబరు కలుపు’ అని చెప్పాలి.

ఆ వెనకే ATM0. అంటే, నోరు మూసుకో అని. లైను కలిసేటప్పుడు అది పెట్టే గోల మారిట్‌కి పడదు. “పందిపిల్లని కోస్తున్నట్టుంది. దాని నోరు నొక్కరాదూ!” అనేది. ఆమె ఊళ్లో లేకపోయినా అతని వేళ్లకి అలవాటైపోయింది.

నంబరు కలిసింది. ఫైలు కదిలింది. పది శాతం. పద్దెనిమిది.

‘నో క్యారియర్’ అంది తెర. లైను తెగింది. మళ్లీ మొదటినుంచి పంపాలి.

రెండోసారి ముప్ఫై ఒకటి దగ్గర తెగింది. మూడోసారి ఏడు దాటలేదు. నాలుగోసారి కలవనే లేదు.

“దిక్కుమాలిన గాలి!” అంటూ తీగని ఊడదీసి, తుడిచి, మళ్లీ గుచ్చాడు.

తలుపు తోసుకుని ఇంగ్వాల్ వచ్చాడు. పక్కింటి ముసలాయన. ఒకప్పుడు చేపల ఓడ నడిపాడు. ఇప్పుడు ఊరి కబుర్లు నడుపుతున్నాడు. చంకలో కాఫీ ఫ్లాస్కు.

“రేవు నుంచే వస్తున్నానోయ్. అక్కడి సంగతి విన్నావా? ఇవాళ...”

“తర్వాత, బాబాయ్. లైను కలుస్తోంది.”

“కలిస్తే కలవనీ. నేనేమైనా దాని తీగకి వేలాడుతున్నానా? అదేనయ్యా, పొద్దున...”

తెర మీద నలభై నాలుగు. అంతలో తెగింది. ఐవిన్ బల్ల మీద గుద్దాడు. కాఫీ కప్పులు ఎగిరిపడ్డాయి.

“బాబాయ్, మీకు దణ్ణం పెడతాను. పన్నెండు దాటాక ఎన్ని కబుర్లైనా వింటాను. ఇప్పుడు మాత్రం ఒక్క మాట మాట్లాడొద్దు!”

“నాలుగు అక్షరాలు కొట్టగానే నోరు మూసుకోడానికి నేను నీ డబ్బాననుకున్నావా?” ముసలాయన మొహం మాడ్చుకున్నాడు. ఫ్లాస్కు అక్కడే పెట్టి, తలుపు ధడాలున వేసి పోయాడు.

పదకొండూ ముప్ఫై ఎనిమిది. ఫైలు వెళ్లడానికి పదకొండు నిమిషాలు పడుతుంది. ఇంకోసారి తెగితే కథ కంచికే.

కొట్టాడు. కలిసింది.

ఇరవై. నలభై. ఐవిన్ కుర్చీలో కదల్లేదు. కదిలితే తెగుతుందేమోనని పిచ్చి భయం. అరవై. గాలి ఊళపెడుతూనే ఉంది, లైను మాత్రం ఈసారి చెక్కుచెదర్లేదు. ఎనభై. తొంభై ఐదు.

‘ఫైలు అందింది. రసీదు కోసం రెండు నిమిషాల తర్వాత మళ్లీ కలవండి.’

లైను పెట్టేసి మొహం రెండు చేతుల్లో దాచుకున్నాడు. ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. ఇంగ్వాల్ కాఫీ ఒక కప్పు వొంపుకుని గడగడా తాగేశాడు. సాయంత్రం ముసలాయన కాళ్లు పట్టుకోవాలి. రాత్రికి తనూ అవతలి ఒడ్డుకి వెళ్లి మారిట్‌కి ఈ మాట స్వయంగా చెప్పాలి.

రసీదు ఒక్కటీ తెచ్చుకుంటే సరి. ఇంత సంతోషంలో నిశ్శబ్దం దేనికనిపించింది. వినడానికి మారిట్ కూడా లేదు. ఎంత కావాలంటే అంత అరుచుకో అంటూ మోడెం గొంతు విప్పాడు. ATM1 కొట్టి, నంబరు కొట్టి, గోల కోసం నవ్వుతూ చెవి ఒగ్గాడు.

డబ్బాలోంచి గోల రాలేదు, మారిట్ గొంతు వచ్చింది, ఒగరుస్తూ: “ఐవిన్... ఫెర్రీ కదల్లేదు, ఇంటికొచ్చేశాను, నొప్పులొస్తున్నాయి, మెట్లు దిగలేను, ముప్పావుగంట నుంచి మంత్రసానికి ఫోను చేద్దామంటే ప్రతిసారీ నువ్వే అడ్డం పడుతున్నావు, ఇంత అరుస్తున్నా వినపడదా, ఒక్కసారి లైను వదలవూ!”