భద్రమ్మ రిటర్నులు

“మధ్యాన్నంలోపు నేను టెంటు కాడ ఉండాలె సారూ. జర జల్ది చూడు” అంటూ భద్రమ్మ కొంగుముడి విప్పి, నాలుగు మడతలు పెట్టిన నోటీసును ప్రవీణ్ బల్ల మీద పరిచింది.

నార్కట్‌పల్లి బస్టాండు ఎదురుగా, టైర్ల షాపు మీదున్న గదిలో ప్రవీణ్ పదేళ్లుగా ఇన్‌కం టాక్స్ రిటర్నులు వేసి పెడుతున్నాడు. గడువు దాటాక పరుగెత్తుకొచ్చేవాళ్లే ఎక్కువ. లారీల వాళ్లు వస్తారు, కాంట్రాక్టర్లు వస్తారు, జీతం తప్ప పైసా లేదని ఒట్టు పెట్టే మాస్టర్లు వస్తారు. గొర్లు కాసుకునే ఇంటి ఆడమనిషి నోటీసు పట్టుకుని మెట్లెక్కడం మాత్రం ఇదే మొదలు.

పెద్దపెద్ద లావాదేవీలు జరిగినా రెండేళ్లుగా రిటర్నులు వేయలేదని, నెలలోగా వేయకపోతే చర్య తప్పదని నోటీసులో ఉంది.

భద్రమ్మ తన ఆస్తంతా ఏకరువు పెట్టింది. నలభై గొర్లు, రెండు బర్రెలు, ఎకరన్నర చెలక, ఐలేశం అనే మొగుడు. పోయిన దసరాకు ఆరు పొట్టేళ్లు అమ్మిన మాట నిజమేనని, అది కూడా పెద్ద లావాదేవీ కిందికే వస్తుందా అని అడిగింది. ప్రవీణ్‌కు నవ్వొచ్చింది. ఒక్కోసారి ఒకరి లెక్క ఇంకొకరి పాన్ నంబరుకు ఎక్కుతుందని, మొన్న ఒక చాయ్ బండి ఆయనకు ఎవరివో ప్లాట్లు అంటగట్టారని, భయపడొద్దని చెప్పాడు.

ఆమె భయం పన్ను గురించి కాదు. వాళ్ల ఊళ్లో బడికి పోయే దారిలో వైన్ షాపు పెట్టి ఏడాదిన్నర దాటింది. దాన్ని అక్కడి నుంచి ఎత్తెయ్యాలని ఆడవాళ్లు టెంటు వేసుకుని కూర్చుని ఇరవై మూడు రోజులైంది. అందరినీ కూడగట్టింది భద్రమ్మే. తాగి పడిపోయినవాళ్లను దాటుకుంటూ పిల్లలు బడికి పోతుంటే ఆమెకు కడుపు రగిలిపోయింది. ఇప్పుడు ఈ నోటీసు సంగతి షాపువాళ్ల చెవిన పడితే సర్కారును ముంచిన మనిషి నీతులు చెప్తోందని ఊరంతా చాటుతారు. టెంటు ఖాళీ అయిపోతుంది.

షాపులకు లైసెన్సులిచ్చే ఎక్సైజ్ ఆఫీసరు ఏమన్నాడని ప్రవీణ్ అడిగాడు. ఆయన మంచోడేనట. లైసెన్సు ఉన్న మనిషి రాసిచ్చి సంతకం పెడితే షాపును ఊరవతలికి పంపిస్తానన్నాడట. ఆ మనిషి పేరడిగితే మాత్రం బయటికి చెప్పకూడదని దాటేశాడట. కౌంటర్లో కూర్చునేవాడేమో ఓనరు పట్నంలో ఉంటాడని ఒకరోజు, తిరుపతి పోయాడని ఇంకోరోజు చెప్తున్నాడు.

“ఒక్కపాలి గా ఓనరు నా కండ్ల పడాలె సారూ. మొగోడైతే గల్లా పడ్త, ఆడిదైతే కాళ్లు మొక్కుత. సంతకం పెట్టేదాక ఇడ్వ.”

అంతా విని ప్రవీణ్ ఇన్‌కం టాక్స్ వెబ్‌సైట్ పాస్‌వర్డు అడిగాడు. అదేమిటో ఆమెకు తెలియదు. పాన్ కార్డు చేయించింది తమ్ముడు పరశురాములు. గొర్ల లోను ఇప్పిస్తానని రెండేళ్ల కింద నల్లగొండ తీసుకుపోయి, కార్డుకు అర్జీ పెట్టించి, తర్వాత ఇంకోసారి తీసుకుపోయి పది చోట్ల సంతకాలు చేయించి, బిర్యానీ తినిపించి, చీర కొనిచ్చి బస్సెక్కించాడు. లోను రాలేదు. అయినా తమ్ముడి మీద ఆమె ఈగ వాలనివ్వదు. టెంటు కాడికి రోజూ మజ్జిగ ప్యాకెట్లు పంపేది అతనే మరి.

ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది. నోటీసనే మాట వినగానే పరశురాములు గొంతు తగ్గించాడు.

“నువ్వెందుకు పోయినవక్కా ఆడిదాక? గా కాయిదం నాకియ్యి. నేను చూసుకుంట. నువ్వు ఇంటికి పో.”

లోను ఇప్పించలేకపోయానని వాడికి ఇప్పటికీ సిగ్గని, అక్కంటే వాడికి చెప్పలేనంత పాయిరమని భద్రమ్మ కళ్లు తుడుచుకుంది. ఫోన్ పెట్టేసింది, ఇంటికి మాత్రం కదల్లేదు. ఆధార్‌తో కూడా లోపలికి పోవచ్చని ప్రవీణ్ అన్నాడు. ఆమె ఫోన్‌కే ఓటీపీ నంబరు వచ్చింది. ఒక్కో అంకె గట్టిగా చదివి చెప్పింది.

ప్రవీణ్ చూస్తున్నాడు. పేజీ కిందికి జరుపుతున్నాడు. జరుపుతూ జరుపుతూ ఆగిపోయాడు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు. అంతా ఇంగ్లీషు కావడంతో భద్రమ్మ అతని ముఖమే చదవడానికి ప్రయత్నించింది.

“ఏంది సారూ? బర్రెల్ని అమ్మాల్నా?”

వాళ్ల ఊళ్లో వైన్ షాపు ఒక్కటేనా అని ప్రవీణ్ అడిగాడు. ఒక్కటే తమ కొంప ముంచిందని, రెండోది కూడా కావాలా అని ఆమె విసుక్కుంది.

రెండేళ్ల రిటర్నులూ వేసేద్దామని, ఒక వకీలును కూడా కలవాలని, దానికంటే ముందు చిన్న పని ఉందని చెప్పి అతను టకటకా ఏదో కొట్టాడు. ప్రింటరులోంచి కాగితం వచ్చింది. తెలుగులోనే ఉంది. భద్రమ్మ వేలు పెట్టి కూడబలుక్కుంది. షాపును బడి దారి నుంచి తీసి ఊరవతలికి మార్చమని ఆఫీసరుకు అర్జీ. ఇరవై మూడు రోజులుగా తాము అరుస్తున్నదంతా నాలుగు ముక్కల్లో పెట్టాడని ఆమె మురిసిపోయింది. ప్రవీణ్ పెన్ను ఇచ్చి, కింద సంతకం పెట్టమన్నాడు. ఆమె పెన్ను పట్టుకుని ఆగింది.

“నా సంతకం ఏం జేసుకుంటరు సారూ? ఓనరుది గావాలన్నడు గదా ఆఫీసరు.”

ప్రవీణ్ కంప్యూటరును ఆమె వైపు తిప్పి, వైన్ షాపు సరుకు కొన్న లెక్కల పక్కనున్న పేరు మీద వేలు పెట్టాడు.

“షాపు నీ పేరు మీదనే ఉన్నదమ్మా.”