గడిలో లేని పేరు

"ఆవకాయ జాడీలో తడి గరిటె ఎవరు పెట్టారు?"

అత్తగారు నాగరత్నం పొద్దున్నే పంచాయితీ పెట్టింది.

"నేను కాదత్తయ్యా."

"నువ్వు కాక ఇంకెవరు? మీ మామయ్య గరిటె ముట్టి ఎన్నాళ్లయింది?"

పెట్టింది పవన్. పెళ్లాం వైపు చూడకుండా బూట్ల లేసులు కట్టుకుంటున్నాడు. "చెప్పవేం?" అని శ్రీదివ్య మొగుణ్ణి నిలదీసింది. "వాణ్ణెందుకు మధ్యలోకి లాగుతావు?" అని అత్తగారు.

మాట మీద మాట పెరిగింది. ఇంద్రేశం స్టాపులో ఆమె ఎక్కాల్సిన కంపెనీ బస్సు వెళ్లిపోయింది.

ఆటో పట్టుకుని పటాన్‌చెరు చేరేసరికి అరగంట ఆలస్యం. మేనేజరు రాకేష్ ఆమె సీటు దగ్గరే నిలబడి ఉన్నాడు.

మందుల ముడిసరుకు తయారుచేసే ఫ్యాక్టరీ అది. మూడు నెలలుగా శ్రీదివ్య పని ఒక్కటే. అక్కడ జరిగే ప్రతి పనినీ కంప్యూటర్‌లో గళ్లుగా, బాణాలుగా గీయడం. ఏ పని తర్వాత ఏ పని, ఎవరు చెయ్యాలి, అంతా ఆ బొమ్మలో ఉండాలి. నాలుగు వందల గళ్లు దాటాయి.

"సర్చ్‌లో బాలప్ప అని కొట్టండి, శ్రీదివ్య గారూ."

కొట్టింది. ఫలితాలు సున్నా అని వచ్చింది.

"ప్రింటు తీసి కింద ఒక సంతకం పెట్టండి. జల్దీ. హెడ్డాఫీసుకు పంపాలి."

"దేనికి సార్?"

"ఊరికే. రికార్డు కోసం."

ఆలస్యంగా వచ్చిన మనిషి ఇంకేం ఎదురు అడుగుతుంది? పెట్టేసింది.

బాలప్ప పొడి ఆరబెట్టే డ్రయ్యర్ సెక్షన్‌లో కాంట్రాక్టు కార్మికుడు. అరవైకి దగ్గర పడ్డాడు. ఆమె గీసిన గళ్లలో సగం ఆయన పక్కన నిలబడి చెప్పినవే. పొడి ఆరిందో లేదో చిటికెడు వేళ్ల మధ్య నలిపి చెప్పేవాడు. "ఇగ దించుమను బిడ్డా" అనేవాడు. ల్యాబు రిపోర్టు గంట తర్వాత వచ్చి అదే మాట చెప్పేది.

మర్నాడు ఆ బాలప్ప గేటు బయట నిలబడి ఉన్నాడు.

"ఇక్కడున్నారేం బాలప్పా?"

"పాస్ గుంజుకున్నరమ్మా. కంప్యూటర్ల నా పేరు యాడ లేదంట. నేను లేకున్నా పని నడుస్తదంట. కాగితం సూపిచ్చిండ్రు."

ఆయన ఆమె మొహంలోకి చూశాడు.

"కింద సంతకం నీదేనా అమ్మా?"

శ్రీదివ్య అవునని తల ఊపింది.

"నువ్వు అడిగినయన్నీ చెప్పిన గద బిడ్డా. ఒక్కటన్న దాసుకున్ననా?"

కోపంగా అన్నా బాగుండేది. నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగాడు. టిఫిను డబ్బా సంచి భుజాన వేసుకుని, తన ఊరు కర్దనూర్ వైపు నడిచి వెళ్లిపోయాడు.

ఆమె సీట్లో కూర్చుని మళ్లీ సర్చ్ తెరిచింది.

పని మొదలుపెట్టిన రోజు రాకేష్ పెట్టిన రూలు అప్పుడు గుర్తొచ్చింది. "గళ్లలో కాంట్రాక్టు వాళ్ల పేర్లు రాయొద్దు మేడం. ఆపరేటర్ అని రాస్తే చాలు."

పేర్లు రాయొద్దన్న మనిషే పేరు వెతకమన్నాడు!

సర్చ్ గడి పైన రాసిన మాటల్నే చూస్తుంది. గడి కింద రాసిన వివరణల్లో కూడా చూడాలంటే పక్కన టిక్కు పెట్టాలి. ఆయన చెప్పిన ప్రతి గడి వివరణలోనూ ఆమె రాసుకుంది, బాలప్ప చెప్పిన ప్రకారం, అని.

టిక్కు పెట్టి కొట్టింది.

రెండు వందల పన్నెండు.

ఆ ప్రింటు పట్టుకుని రాకేష్ గదిలోకి వెళ్లింది. "సార్, పొరపాటు జరిగింది. వివరణల్లో వెతకలేదు."

"తెలుసు" అన్నాడు రాకేష్, కాగితం ముట్టుకోకుండా. "అందుకే ఆ టిక్కు పెట్టమనలేదు."

"సార్..."

"ఆయనకు తెలిసిందంతా మీరు రాసేసిండ్రు కదా, ఇంక ఆయనతో ఏం పని? ఏడాదికోసారి పర్మినెంటు చెయ్యమని అర్జీ పట్టుకుని వస్తడు. ఆ పరేషాన్ పోయింది. మంచిగ చేసిండ్రు మేడం. అప్రైజల్‌లో రాస్తా."

రాకేష్ ఒక మనిషి బతుకుదెరువును తన చేతే తీయించాడని, పైగా అందుకు మెచ్చుకుంటున్నాడని ఆమెకు అప్పటికి అర్థమైంది.

ఆదివారం మధ్యాహ్నం. వారంలో నలుగురూ కలిసి కూర్చుని తినే పూట అదొక్కటే.

కంచంలో అన్నం కెలుకుతూ శ్రీదివ్య జరిగిందంతా చెప్పింది. చివర్న తల ఎత్తింది.

"రేపు ఆ రెండో కాగితం హెడ్డాఫీసుకు పంపుతున్నాను. మొదటి దానిమీద నా సంతకం తప్పని నేనే రాసిస్తాను."

"పిచ్చా నీకు? రాకేష్ నిన్ను ఉంచుతాడా?" అన్నాడు పవన్.

"ఉంచకపోతే మానేస్తాను."

"ఎవరో ముక్కూమొహం తెలియని కూలివాడి కోసమా?" అంది నాగరత్నం, వంకాయ కూర వడ్డిస్తూ.

మామగారు సూర్యప్రకాశరావు చేతిలో ముద్ద నోటిదాకా వెళ్లకుండా ఆగింది.

"ఏ ఊరన్నావమ్మా ఆ బాలప్పది?"

"కర్దనూర్ మామయ్యగారూ."

ఆయన ముద్దను కంచంలో పెట్టేశాడు. భార్య వైపు తిరిగాడు.

"ముక్కూమొహం తెలియకపోవడమేమిటే? నా ఉద్యోగానికి క్వార్టరు రాకముందు రెండేళ్లు వాళ్లింట్లోనేగా అద్దెకున్నాం!"

నాగరత్నం గరిటెను కూరగిన్నెలో వదిలేసింది.

ఆయన కోడలి వైపు చూసి నెమ్మదిగా అన్నాడు.

"మీ ఫ్యాక్టరీ షెడ్లున్న నాలుగెకరాలూ ఆ బాలప్ప జొన్నచేనేనమ్మా. ఇంట్లో ఒకరికి పర్మినెంటు ఉద్యోగం ఇస్తామని చెప్పి తీసుకున్నారు. ఇన్నేళ్లూ కాంట్రాక్టులోనే ఉంచారన్నమాట. నువ్వు కంప్యూటర్‌లో వెతికి, పేరు లేదని సంతకం పెట్టి పోగొట్టింది ఆ ఉద్యోగాన్నే."