మోతీ గొంతులో ఏముంది

"చెయ్యి పెట్టి తియ్యి అవ్వా. గొంతుల ఏదో అడ్డం పడ్డది" అన్నాడు ఎల్లేశం.

సమ్మవ్వ కదల్లేదు. గోదావరిఖనిలో ఎవరింట్లో గొడ్డుకు జబ్బు చేసినా ఆమెకే కబురు వస్తుంది. నూనె పెట్టి రుద్దుతుంది, కషాయం పోస్తుంది, బెణికిన కాలు సరిచేస్తుంది. పొడిచే ఎద్దు దగ్గరకు కూడా జంకకుండా పోతుంది. ఇవాళ ఈ గుర్రం ముందు మాత్రం ఆమెకు అడుగు పడడం లేదు. ఎందుకో ఆమెకే తెలియడం లేదు.

ఎల్లేశం జట్కా గుర్రం మోతీ గుడిసె ముందు గుంజకు కట్టేసి ఉంది. నోట్లోంచి చొంగ తీగలు తీగలుగా కారుతోంది. మింగబోయి, మింగలేక మెడ సాగదీస్తోంది. కళ్లు తెరిచే ఉన్నాయి గానీ ఎవరినీ చూస్తున్నట్టు లేవు.

"ఎప్పటిసంది గిట్లున్నది?"

"మొన్నటిసంది. గడ్డి ముడ్తలేదు. మక్కజొన్న బెండు ఇరికిందేమో."

గుడిసె గడపలో నిలబడ్డ అతని భార్య మల్లక్క మెల్లగా అంది. "అవ్వను ఇంటికి పోనియ్యి. దాని రాత ఎట్లుంటె గట్లయితది."

"నువ్వు లోపలికి నడువు" అని కసిరాడు ఎల్లేశం. మళ్లీ సమ్మవ్వ వైపు తిరిగి చేతులు జోడించాడు. "ఇది పోతె బండి మూలకు పడ్తది. మేం ఏం తినాలె అవ్వా?"

సమ్మవ్వ కొంగు బిగించింది. ఎల్లేశం గుర్రం దవడకు తాడు వేసి కిందికి లాగి పట్టాడు. ఆమె నాలుకను పక్కకు నెట్టి, చెయ్యి మోచేతి దాకా లోపలికి పోనిచ్చింది. లోపల పొయ్యిలా వేడిగా ఉంది. వేళ్లతో అటూ ఇటూ తడిమింది. బెండు లేదు, ముల్లు లేదు, గడ్డిపరక కూడా లేదు.

చెయ్యి వెనక్కి తీస్తుండగా తాడు జారింది. దవడ టక్కున మూసుకుంది. ఆమె గబుక్కున లాక్కుంది గానీ మణికట్టు మీద పన్ను గీరుకుపోయి నెత్తురు చిమ్మింది.

"గొంతుల ఏం లేదు ఎల్లేశం" అంది. ఏదో ఒకటి దొరికి ఉంటే బాగుండేదనిపించింది.

"మందన్న పొయ్యి అవ్వా. నీ చెయ్యి తగిలితె తగ్గుతది."

ఆముదం వెచ్చచేసి మెడకు రుద్దింది. ఆమె అరచేతుల కింద ఏ పశువైనా కాసేపటికి మెత్తబడుతుంది. మోతీ మెడ రుద్దిన కొద్దీ బిగుసుకుపోతోంది. చర్మం కింద నరాలు ఎగిరెగిరి పడుతున్నాయి. వాము కషాయం వెదురు గొట్టంతో పోస్తే అంతా ముక్కుల్లోంచి బయటికి వచ్చేసింది. గుర్రం సకిలించింది. గొంతు బొంగురుపోయి, అది ఏ జంతువు అరుపో తెలియకుండా ఉంది. చూడవచ్చిన ఇరుగుపొరుగు ఒక్కొక్కరే వెనక్కి జరిగారు.

సమ్మవ్వ చెయ్యి కడుక్కోవడానికి మల్లక్క బకెట్టుతో నీళ్లు తెచ్చింది. నేల మీద పెట్టేటప్పుడు నీళ్లు చప్పుడు చేశాయి.

ఆ చప్పుడుకు మోతీ ఒళ్లంతా కొయ్యబారింది. గొంతు లోపలికి పీక్కుపోయింది. ముందుకాళ్ల మీద కూలబడి, లేచి, తల తిప్పి తన వెనకకాలినే కొరుక్కోవడం మొదలుపెట్టింది. నెత్తురు వస్తున్నా వదల్లేదు.

సమ్మవ్వ గోడ దాకా వెనక్కి నడిచింది. గుర్రం కొరుకుతున్న చోట, తాజా నెత్తురు పక్కనే, వెంట్రుకలు ఊడి, గుండ్రంగా మానిన గాట్లు కనిపించాయి.

"ఆ కాలుకు ఏమైంది?"

"కంచె గీరింది" అన్నాడు ఎల్లేశం నేల చూస్తూ.

"కంచె గీరితె గుండ్రంగ గాట్లు పడ్తయా?"

మల్లక్క సబ్బు తెచ్చి సమ్మవ్వ చెయ్యి పట్టుకుని మణికట్టు మీద రుద్దసాగింది. రుద్దుతూనే ఏడుస్తోంది. "జల్ది దవాఖానకు పోదాం అవ్వా, సూదులేపిచ్చుకుందువు" అంటోంది. ఆ ఏడుపు గుర్రం కోసం కాదని సమ్మవ్వకు అప్పుడు తెలిసింది.

"ఎల్లేశం, నా దిక్కు చూడు. పశువుల డాక్టరుకు ఒక్కసారన్న చూపించినవా?"

ఎల్లేశం జట్కా చక్రానికి ఆనుకుని కూలబడ్డాడు.

"నిన్ననే చూపించిన అవ్వా. పిచ్చికుక్క కరిసిన రోగం, ఎవ్వలు ముట్టొద్దు, చంపి కాల్చెయ్యాలె అన్నడు. గది చెప్తె నువ్వు చెయ్యి పెట్టవని చెప్పలే."