మెచ్చుకోలు

పరాయి దేశంలో చదువుకుంటూ, సాయంత్రాలు హోటల్లో గిన్నెలు తోమే చెల్లెలు, పక్కనే తోముతున్న అక్క మీద విరుచుకుపడింది.

"ఇంట్లో దీపం వెలుగుతోంది గానీ మనుషులే లేరని మేనేజర్ రోజూ నన్ను ఇంగ్లీషులో అంటాడు. నా మొహంలో కళ ఉందని మెచ్చుకుంటున్నాడన్నావు. బుర్ర ఖాళీ అని అర్థమట! ఇవాళ ఇంగ్లీషు క్లాసులో చెప్పారు. తిట్టినవాడికి ఏడాదిగా థాంక్యూలు చెప్పించావు కదక్కా!"

"తెలిస్తే నువ్వు ఊరుకుంటావా? పని పోతే చదువు ఆగిపోదూ?"

"ఆగితే ఆగనీ! సిగ్గులేదూ నీకు?"

అక్క కుళాయి కట్టేసింది.

"వాడు నన్ను ఇంతకంటే నీచంగా అనేవాడు. మెచ్చుకుంటున్నాడనుకుని నువ్వూ వాడితో కలిసి నవ్వేదానివి. నాకు మాత్రం ప్రతి మాటా అర్థమయ్యేది."