గుండుగాడి మెట్టు

"జడ సొంతమేనా, సవరమా?" అంటూనే నాగమల్లేశ్వరి, కొనబోయే బెండకాయ కొస విరిచి చూసినంత మామూలుగా, పెళ్ళికూతురి జడ పట్టుకుని లాగి చూసింది.

కీర్తన కదల్లేదు. ఆమె తల్లి సుబ్బరత్నమే నవ్వు తెచ్చిపెట్టుకుని, "సొంతమేనండి. చిన్నప్పుడు మొక్కు తీర్చాం, అంతా మోపిదేవి స్వామి చలవ" అంది.

పక్కనే కూర్చున్న పెళ్ళికొడుకు సాయిగణేష్‌కి తన తల్లి చేసిన పనికి సిగ్గుతో చచ్చినంత పనయింది. ఆటోనగర్‌లో లారీ స్పేర్‌పార్టుల షాపు చూసుకునే అతనికి, పిల్ల హాల్లోకి అడుగుపెట్టగానే నచ్చేసింది. చిక్కల్లా ఆమెతోనే. ఈ హనుమాన్ జంక్షన్ ఇంటికి వచ్చిన పెళ్ళికొడుకులందరినీ గొప్పలు పోతున్నారని తిప్పి పంపేసిందని మధ్యవర్తి ముందే చెప్పాడు. ఇప్పుడీ జడ లాగుడుతో ఉన్న కాస్త ఆశా సన్నగిల్లింది.

మీరిద్దరూ మాట్లాడుకోండంటూ పెద్దవాళ్ళు డాబా మీదికి పంపారు. మెట్లెక్కుతుంటే అతని జేబులోంచి టింగుటింగుమని పాట వచ్చింది. సెల్‌ఫోను కాదు, చేతిలో ఇమిడే వీడియో గేము. దారిలో ఆడుకుంటూ వచ్చి ఆపడం మరిచిపోయాడు.

ఇక దాచి లాభం లేదని చూపించాడు. చిన్నప్పుడు టీవీకి తగిలించి ఆడిన గెంతుడు గేమే అది. బుల్లి మనిషి గుంతలు దూకుతూ కోట చేరాలి. దాన్నే ఇప్పుడు కొత్తగా చేసి ఈ డబ్బాలో పెట్టారు. రంగులు మారాయి గానీ గుంతలు ఎక్కడివక్కడే ఉన్నాయి.

"ఇక్కడ బస్టాండు వెనకాల గేముల షాపు ఉండేదండి. సెలవులకి మా పెద్దమ్మగారింటికి వచ్చి అందులోనే పడుండేవాణ్ణి. నన్ను ఓడించినవాడు లేడు."

"ఒక్కడు కూడానా?" అంది కీర్తన.

లేడని ధీమాగా చెప్పి, ఆడి చూపించబోయాడు. కోట ముందు వెడల్పాటి గుంత వచ్చింది. బుల్లి మనిషి అందులో పడ్డాడు. మళ్ళీ పడ్డాడు.

ఆమె చెయ్యి చాపి డబ్బా అందుకుంది. గుంత దూకించకుండా బుల్లి మనిషిని వెనక్కి నడిపించి, గోడ మూల గాల్లోకి గెంతించింది. కనపడని మెట్టేదో కాలికి తగిలి పైన దారి తెరుచుకుంది. మరుక్షణం మనిషి కోటలో ఉన్నాడు.

అలా వెనక్కి నడిచి కోట చేరినవాణ్ణి సాయిగణేష్ ఇంతకుముందు ఒక్కణ్ణే చూశాడు. ఇక మొహం చెల్లక, పిట్టగోడ వైపు తిరిగి అసలు సంగతి ఒప్పుకున్నాడు. ఒక ఎండాకాలం ఆ షాపుకి బోడిగుండుతో, తనది కాని వదులు నిక్కరుతో ఒక కుర్రాడు వచ్చేవాడు. అందరూ గుండుగాడనే పిలిచేవాళ్ళు. అందరి ముందూ సాయిగణేష్‌ని చిత్తుగా ఓడించాడు. రెప్పపాటులో గెంతేసేవాడు, ఎంత బతిమాలినా ఆ కనపడని మెట్టు సరిగ్గా ఎక్కడుందో చెప్పలేదు. సెలవులయ్యాక మళ్ళీ కనపడలేదు.

"వాడు మీకు తెలుసా?" అని అడిగాడు.

"బాగా తెలుసు."

ప్రాణం పోయినా చెప్పని రహస్యాన్ని వాడు ఈమెకి చెప్పాడంటే, ఇద్దరి మధ్యా ఎంత చనువుండాలి?

"మీ మనసులో వాడుంటే చెప్పెయ్యండి. పిల్ల నచ్చలేదని కిందికెళ్ళి నేనే చెబుతాను. మాట మీ మీదికి రాదు."

కీర్తన అప్పుడు అతన్ని తేరిపార చూసింది. వచ్చినవాళ్ళలో ఓడిపోయానని ఒప్పుకున్న మనిషి ఇతనే.

"నచ్చిందనే చెప్పండి" అంది.

"మరి గుండుగాడు? ఏమయ్యాడు వాడు?"

ఆమె డబ్బా తిరిగి అతని చేతిలో పెట్టింది.

"జుట్టు పెరిగిందండి."