బంతి రాని పక్క

చిసెంగా మళ్లీ చెయ్యెత్తాడు. ఎదురుగా ఒక్కడు కూడా లేడు. గోల్ దాకా ఎర్రమట్టి, అక్కడక్కడా ఎండుగడ్డి, అంతే. బంతి మైదానం మధ్యలో కెప్టెన్ సింకాలా కాళ్ల దగ్గరుంది.

"అన్నా, ఇటు. ఇటివ్వు."

సింకాలా తల కూడా తిప్పలేదు. బంతిని ఎడమవైపు కొట్టాడు. అక్కడ తమ జట్టువాడు ఒక్కడు, వాడి చుట్టూ ముగ్గురు. బంతి పోయింది.

"ఏడో నంబరూ, టికెట్టు కొన్నావా, లేక ఊరికే దగ్గర్నుంచి చూస్తున్నావా?" కంచె పట్టుకుని నిలబడ్డ గని కూలీల్లోంచి ఎవడో అరిచాడు.

"పొద్దున షీమా ముద్ద తిని రాలేదేమో, బంతి బరువనిపిస్తోంది పాపం."

"బరువో కాదో తెలియాలంటే ముందు దాన్ని ముట్టుకోవాలిగా."

కంచె పొడుగునా నవ్వులు. చిసెంగాకి చెవులు వేడెక్కాయి. పెద్ద జట్టులోకి వచ్చాక ప్రతి ఆటలోనూ ఇదే తంతు. కుడి పక్కన తను పరిగెడుతూనే ఉంటాడు, బంతి తక్కిన అందరికీ వెళుతూనే ఉంటుంది.

సగం ఆట అయ్యాక కోచ్ కపోత్వే అతని బూట్ల వంక చూశాడు.

"ఉతికి తెచ్చినట్టున్నాయి. మట్టి కూడా అంటలేదు."

"బంతి వస్తేగా కోచ్."

"రాకపోతే వెళ్లి తెచ్చుకో. నువ్వు మిడ్‌ఫీల్డరువి, పెళ్లికొచ్చిన చుట్టానివి కాదు. ఇంకాసేపు చూస్తా. ఆ తర్వాత ముతాలే దిగుతాడు. ఇవాళ నిన్ను తీశానంటే వచ్చే సీజన్‌కి నీ పేరు నేను చెప్పను. కుర్రాళ్ల జట్టుకే తిరిగి పో."

చిసెంగా తిన్నగా కెప్టెన్ దగ్గరికి వెళ్లాడు. సింకాలా గోడకి ఆనుకుని సీసాలో నీళ్లు తాగుతున్నాడు.

"అన్నా, నీ కంచంలో నేనేమైనా చెయ్యి పెట్టానా?"

"ఏమైంది?"

"ఖాళీగా నిలబడి చేతులూపుతున్నా. ఊరంతా చూస్తోంది. నువ్వు తప్ప."

"గట్టిగా పిలువు. ఈ గోలలో వినబడదు."

"పిలిచి పిలిచి గొంతు పోయింది. ఏడుపు కూడా రావట్లేదు."

సింకాలా మూత బిగించాడు. సీసా కింద పెట్టి మైదానంలోకి నడిచాడు.

మళ్లీ అదే కథ. ఒకసారి చిసెంగా అరుపు విని అవతలి జట్టు గోలీ కూడా కంగారుపడి ఇటు జరిగాడు. బంతి మాత్రం రాలేదు. గట్టు మీద ముతాలే చొక్కా మార్చుకుని ఒళ్లు వేడెక్కించుకుంటున్నాడు.

చిసెంగాకి ఒళ్లు మండింది. ఎటూ తీసేస్తారు, ఇక ఎవరి మాట వింటే ఏం, వినకపోతే ఏం? తన చోటు వదిలేసి, మైదానానికి అడ్డంగా పరిగెత్తి, ఎడమ పక్కకి వెళ్లి నిలబడ్డాడు.

"నీ చోటుకి పో. బుర్ర ఉందా నీకు?" గట్టు మీంచి కోచ్ కేకలేస్తున్నాడు.

అప్పుడు వచ్చింది బంతి. కొలిచి పంపినట్టు సరిగ్గా కాలి ముందుకి. చిసెంగా నమ్మలేక దాన్ని దాదాపు వదిలేశాడు. కాసేపటికి మరొకటి వచ్చింది. ఆ తర్వాత ఇద్దరి మధ్యనుంచి ఇంకొకటి. దాన్ని అందుకుని, ఒకణ్ణి తప్పించి, గోలీ కాళ్ల సందునుంచి వలలోకి తన్నాడు.

కంచె ఊగిపోయింది. ఇందాక టికెట్టు అడిగినవాడే ఇప్పుడు అతని పేరు పెట్టి పాట కట్టాడు. ముతాలే మళ్లీ బెంచీ మీద కూలబడ్డాడు.

చిసెంగాకి మాత్రం సంతోషం రాలేదు. మంట ఇంకా పెరిగింది. ఇవ్వడం చేతనయినవాడు ఇన్నాళ్లూ ఎందుకివ్వలేదు?

గెలిచి గదిలోకి వచ్చాక, అతను నోరు తెరిచేలోపే కోచ్ తలుపు మూశాడు.

"సింకాలా, వీడు కుడివైపు ఉన్నంతసేపూ నువ్వు ఒక్క బంతీ ఇవ్వలేదు. ఎడమకి రాగానే వెతుక్కుని మరీ ఇచ్చావు. నాకు కారణం కావాలి."

సింకాలా బెంచీ మీద కూర్చుని నేలవంక చూశాడు.

"కుళ్లు, కోచ్," అన్నాడు.

"ఏంటీ?"

"కుర్రాడు బాగా ఆడుతున్నాడు. నా చోటు పోతుందని భయమేసింది. ఎడమకి వచ్చాక కూడా ఇవ్వకపోతే అందరికీ తెలిసిపోతుందని ఇచ్చా."

కోచ్ మొహం ఎర్రబడింది. "ఆ కెప్టెన్ పట్టీ తీసి బల్ల మీద పెట్టు. ఆడతావు కాబట్టి జట్టులో ఉంచుతున్నా, మనిషివని కాదు. చిసెంగా, ఇకమీదట నీది ఎడమ పక్కే."

సింకాలా చేతి పట్టీ లాగి బల్ల మీద పెట్టాడు. కోచ్ వెళ్లిపోయాడు. తక్కినవాళ్లు ఒక్కొక్కరే సంచులు తీసుకుని, అతన్ని పలకరించకుండా దాటిపోయారు. ఒకడు గుమ్మంలో తుపుక్కున ఉమ్మాడు.

ఇద్దరే మిగిలారు. చిసెంగాకి నాలుగు మాటలు అనాలనే ఉంది. కానీ అన్నేళ్ల ఆటగాడు అందరి ముందూ తల దించుకుని కూర్చుంటే చూడలేకపోయాడు. సింకాలాకి కుడి పక్కగా వెళ్లి చెయ్యి చాపాడు.

సింకాలా బూటు లేసులు విప్పుకుంటూనే ఉన్నాడు. చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

"చెయ్యి కలపడానికి కూడా మనసు రావట్లేదా అన్నా?" చిసెంగా గొంతు పెరిగింది.

ఆ గొంతుకి సింకాలా ఉలిక్కిపడ్డాడు. మెడ మొత్తం ఇటు తిప్పి, చాపిన చేతిని అప్పుడే చూసినట్టు చూశాడు. దాన్ని గట్టిగా పట్టుకుని, తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

"మెల్లగా తమ్ముడూ. ఈ పక్క కన్ను పోయిందని తెలిస్తే, పట్టీతోపాటు బూట్లు కూడా తీయిస్తారు."