తిరగబడ్డ గుర్తు

జైతున్ బీ తలుపు మీద ఎర్రరంగు ఇంకా తడిగానే ఉంది.

బడికి పోతున్న సువార్త టీచరు అక్కడే ఆగిపోయింది. యూనియన్ సైన్యం వచ్చి నెలైంది. రజాకార్లు పారిపోయారు గానీ భయం పోలేదు, ఇళ్లు మారిందంతే. సీతాఫల్‌మండిలో ఎవరి తలుపు మీద వాళ్లు తమ గుర్తు వేసుకున్నారు. హిందువులు స్వస్తికం వేశారు. సువార్త సుద్దముక్కతో సిలువ గీసుకుంది.

మరి జైతున్ బీ తలుపు మీద స్వస్తికమేమిటి?

పైగా దాని వాలకం తేడాగా ఉంది.

లెక్కల టీచరు కదా, ఊరుకోలేకపోయింది. కాగితం తీసి గీసి చూసుకుంది. సిలువను నిలువునా మడిస్తే కుడీ ఎడమా ఒకదాని మీద ఒకటి సరిపోతాయి. స్వస్తికం ఎటు మడిచినా కలవదు, పావు చుట్టు తిప్పితే మాత్రం మళ్లీ అదే బొమ్మ. కానీ ఈ తలుపు మీదిది ఎంత తిప్పినా ఎదురింటి దానితో కలవడం లేదు. అద్దంలో చూసినట్టుంది.

వీధంతా తిరిగి చూసింది. ముస్లింల ఇళ్లు ఐదు. ఐదింటి మీదా తిరగబడ్డదే. మిగతా ఇళ్ల మీద అలాంటిది ఒక్కటీ లేదు.

లూటీకి వచ్చేవాళ్లు ముందే ఇళ్లకు గుర్తు పెట్టి పోతారని ఊరంతా అనుకుంటున్నారు.

తలుపు తట్టింది. "జైతున్ బీ! ఇదెవరు వేశారమ్మా?"

"తెల్వదు టీచరమ్మా." లోపలి నుంచి గొంతు మాత్రమే వచ్చింది. "గట్లనే ఉండనీ. పరేషాన్ కాకు."

పాపం, భయపడి చెప్పడం లేదనుకుంది సువార్త.

వీధిలో రంగు డబ్బా ఉన్నది ఒక్కడికే, బ్రహ్మచారి అని పేరు చెప్పుకునే పెయింటరుకి. పది రోజుల కిందట ఎక్కడి నుంచో వచ్చి, అంగళ్లకు పేర్లు రాస్తూ, కట్టెల దుకాణం అరుగు మీద పడుకుంటున్నాడు. ఎవరితోనూ కలవడు.

సువార్త కట్టెల ఆసామిని, మరో నలుగురు మగవాళ్లను వెంటబెట్టుకుని వెళ్లింది. జైతున్ బీ గాజులు తొడగని ఆడపిల్ల ఆ వీధిలో లేదు. ఆమె మీద ఈగ వాలనివ్వరు వాళ్లు.

"ఆ ఐదిళ్ల మీద గుర్తులు వేసింది నువ్వేనా?"

బ్రహ్మచారి లేచి నిలబడ్డాడు. "నేనే అమ్మా."

"తిరగేసి వేశావేం?"

అతను బిత్తరపోయాడు. సంచిలోంచి గుర్తు ఆకారంలో కత్తిరించిన అట్ట తీసి అటూ ఇటూ చూశాడు. "బోర్ల పెట్టిన కావచ్చు. ఎట్ల పెట్టినా ఒకటే అనుకున్న."

"నక్షత్రమైతే ఒకటే, పువ్వైతే ఒకటే. ఇది కాదు. హిందువుగా పుట్టి ఆమాత్రం తెలియదా నీకు?"

అతను తల దించుకుని అట్టను గబగబా సంచిలో దాచేశాడు.

తెలిసే చేశాడన్నమాట. సువార్తకు అనుమానం తీరిపోయింది.

"మా గల్లీ ఇండ్లకే గుర్తులు పెడ్తవారా!" మొదటి దెబ్బ కట్టెల ఆసామిదే.

అతను చేతులు అడ్డం పెట్టుకోలేదు. "నన్నేమన్న చేయున్రి. ఆ గుర్తులు మాత్రం చెరపకున్రి, మీ కాళ్లు మొక్కుత" అన్నాడు.

ఇంతకన్నా రుజువేం కావాలి? కొడుతూ రైలు స్టేషను దాకా తరిమారు. సువార్త కిరసనాయిలు గుడ్డతో ఐదు తలుపులూ తానే తుడిచింది. తన చదువు నలుగురికీ పనికొచ్చిందని మనసు నిండిపోయింది.

మర్నాడు పొద్దున జైతున్ బీ గడప దాటి బయటికి వచ్చింది. నెల రోజుల్లో అదే మొదటిసారి. చేతిలో కొత్త తెల్లగుడ్డ ఉంది. కళ్లు వాచి ఉన్నాయి.

"ఎక్కడికమ్మా? ఇంక భయం లేదు. వాణ్ణి తరిమేశాం."

"పట్టాల పక్కన సచ్చి పడున్నడట. మట్టి చేసెటోళ్లు సుత లేరు. నేనే పోతున్న."

"వాడి కోసం నువ్వా?"

జైతున్ బీ ఆమె ముఖంలోకి చూడలేదు.

"ఎవ్వరికి చెప్పొద్దని ఒట్టు ఏయించుకున్నడు, లేకుంటే నిన్ననే చెప్తుంటి. ఆయన పేరు బ్రహ్మచారి కాదు టీచరమ్మా, హిందువే కాదు, మసీదుల ఇమామ్. ఆయన ఊర్ల పెండ్లాన్ని, ముగ్గురు పిల్లల్ని లూటీ చేసెటోళ్లు సంపితే, హిందువుల ఇండ్లనుకొని మా తలుపులనన్న దాటిపోతరని ఆ గుర్తు ఏసుకుంట తిరిగిండు."